కారు ఏసీ శుభ్రత: యజమాని స్వయంగా చేసుకోగల పనులు

కారు ఏసీని సొంతంగా శుభ్రం చేసుకోవడం అంటే, సర్వీస్ సెంటరుకు వెళ్లకుండా, ఇంట్లో ఉండే మామూలు పనిముట్లతో ఏసీలో గాలి నడిచే భాగాల నుంచి దుమ్మును, బూజును, చెత్తను తొలగించడం. క్యాబిన్ ఫిల్టర్ మార్చడం, కూలింగ్ కాయిల్‌కు నురుగు మందు పట్టించి కడగడం, నీరు బయటికి పోయే గొట్టాన్ని తెరిపించడం, ముందు బంపర్ వెనకున్న కండెన్సర్‌ను కడగడం ఇందులోకి వస్తాయి. గ్యాస్ నింపడం, పైపులు విప్పడం, కంప్రెసర్ మార్చడం దీని పరిధిలోకి రావు.

ఈ హద్దుకు కారణం ఏసీ నిర్మాణంలోనే ఉంది. అందులో రెండు దారులుంటాయి. ఒకటి గ్యాస్ తిరిగే దారి. అది ఎక్కడా తెరుచుకోని, ఎప్పుడూ ఒత్తిడిలో ఉండే వలయం. రెండోది గాలి నడిచే దారి. అద్దం కింది జాలీ దగ్గర మొదలై ఫిల్టరు, బ్లోయరు, కాయిల్ దాటి ప్రయాణికుడి ముఖం ముందున్న వెంట్ దాకా వస్తుంది. వాసన, తుమ్ములు, గాలి సరిగా రాకపోవడం, కాళ్ల కింద తడి వంటి ఇబ్బందుల్లో ఎక్కువ భాగం రెండో దారిలోనే పుడతాయి. యజమాని చేయి పెట్టగలిగేదీ అక్కడే.

చరిత్ర: డిక్కీ నుంచి డాష్‌బోర్డు లోపలికి

కారులోకి వచ్చే గాలిని వడగట్టాలన్న ఆలోచన చల్లదనం కంటే ముందే వచ్చింది. 1938లో అమెరికా కంపెనీ నాష్ బయటి గాలిని వడపోసి, వేడిచేసి లోపలికి పంపే ఏర్పాటును తన కార్లలో పెట్టింది. మరుసటి ఏడాది ప్యాకార్డ్ కంపెనీ తన 1940 మోడల్ కార్లకు ఏసీని అదనపు సదుపాయంగా ప్రకటించింది. ధర 274 డాలర్లు. కూలింగ్ కాయిల్ డిక్కీలో చాలా చోటును ఆక్రమించేది. కంప్రెసర్‌కు క్లచ్ లేదు కాబట్టి ఏసీ వద్దనుకుంటే ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాలి. 1941 తర్వాత ప్యాకార్డ్ దాన్ని మానుకుంది.

1954లో నాష్ హీటరును, ఏసీని, బయటి గాలి ఏర్పాటును ఒకటిగా కలిపి బానెట్ కింద, డాష్‌బోర్డు వెనక అమర్చింది. నేటి కార్లు దాదాపు అన్నీ ఈ అమరికనే పాటిస్తున్నాయి. శుభ్రపరచడంలోని చిక్కు కూడా ఈ అమరికతోనే మొదలైంది. డిక్కీలో చేతికందిన కాయిల్ డాష్‌బోర్డు లోపలికి వెళ్లిపోయింది. దాన్ని బయటికి తీయాలంటే ముందు గ్యాస్ తీసేయాలి, చాలా కార్లలో డాష్‌బోర్డు కూడా విప్పాలి. కాయిల్‌ను కదపకుండానే కడిగే నురుగు మందులు, సన్నని గొట్టాల పద్ధతి వాడుకలోకి రావడానికి కారణం ఇదే.

గ్యాస్ విషయంలోనూ మార్పులు జరిగాయి. మొదట్లో వాడిన ఆర్-12 ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని తేలడంతో 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం దాని వాడకాన్ని తగ్గించే బాట వేసింది. 1990లలో ఆర్-134ఏ దాని స్థానంలోకి వచ్చింది. ఇది ఓజోన్‌కు హాని చేయదు కానీ, భూతాపాన్ని పెంచడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1,300 నుంచి 1,500 రెట్లు శక్తిమంతమైనది. ఐరోపా సమాఖ్యలో 2017 నుంచి కొత్త కార్లలో దీన్ని వాడటం లేదు. ఆర్-1234వైఎఫ్ అక్కడ దాని చోటు తీసుకుంది.

భారతదేశంలో ఏసీ ఇప్పుడు కార్లకే పరిమితం కాదు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి. ఈ వ్యాసంలోని చాలా పనులు ఆ క్యాబిన్లకూ వర్తిస్తాయి.

పనితీరు

కంప్రెసర్ గ్యాస్‌ను నొక్కి వేడి చేస్తుంది. కారు ముందు భాగంలో రేడియేటరుకు ముందున్న కండెన్సర్ ఆ వేడిని బయటి గాలికి వదిలి గ్యాస్‌ను ద్రవంగా మారుస్తుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అనే సన్నని దారి గుండా వెళ్లగానే ద్రవం ఒత్తిడి పడిపోతుంది, ఒక్కసారిగా చల్లబడుతుంది. ఆ చల్లని ద్రవం కూలింగ్ కాయిల్‌లో ఆవిరవుతూ, కాయిల్ మీదుగా బ్లోయరు తోసే గాలి నుంచి వేడిని లాగేసుకుంటుంది. కాయిల్ మీద మంచు కట్టకుండా దాని ఉష్ణోగ్రతను సున్నా డిగ్రీల సెల్సియస్‌కు కాస్త పైన నిలిపి ఉంచుతారు.

గాలి చల్లబడితే అందులోని తేమ నీరవుతుంది. వానాకాలంలోనో, విశాఖపట్నం, కాకినాడ వంటి తీర పట్టణాల్లోనో గంట ప్రయాణంలో కాయిల్ మీద లీటరుకు పైగా నీరు చేరవచ్చు. అది కింది తొట్టిలోకి జారి, డ్రెయిన్ గొట్టం ద్వారా రోడ్డు మీదికి పోతుంది. ఆపిన కారు కింద కనిపించే ఈ తేటనీరు లోపం కాదు. ఏసీ పనిచేస్తోందనడానికి అదే గుర్తు.

వాసన పుట్టే చోటు

కాయిల్ అల్యూమినియం రేకుల దొంతర. రేకుల మధ్య సందు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. ఏసీ ఆపాక ఈ సందుల్లో నీరు గంటల తరబడి నిలుస్తుంది. ఫిల్టరు దాటి వచ్చిన సన్నని దుమ్ము, పుప్పొడి, వస్త్రాల నూలు ఆ తడికి అంటుకుంటాయి. చీకటి, తడి, తిండి మూడూ దొరికిన చోట బాక్టీరియా జిగురు పొర కడుతుంది. క్లాడోస్పోరియం, పెనిసిలియం, ఆస్పర్జిల్లస్ జాతుల బూజులు పెరుగుతాయి. ఏసీ వేసిన మొదటి నిమిషంలో గుప్పుమని వచ్చే ముక్కిపోయిన వాసన వీటిదే. ఉబ్బసం, అలెర్జీ ఉన్నవారికి ఈ బూజు రేణువులు ఇబ్బంది కలిగిస్తాయి.

వెంట్‌కు తగిలించే సెంటు సీసా, డాష్‌బోర్డు మీది జెల్ డబ్బా వాసనను కప్పిపెడతాయి, దాని మూలాన్ని తాకవు. అందుకే వారం తిరక్కుండానే రెండు వాసనలూ కలిసి వస్తాయి.

లక్షణాలు, కారణాలు

శుభ్రం చేయడం మొదలుపెట్టే ముందు లోపం ఏ దారిలో ఉందో గుర్తించాలి. ఈ ఒక్క పని అనవసరమైన ఖర్చులో చాలా భాగాన్ని తప్పిస్తుంది.

ఏసీ వేయగానే ముక్కిపోయిన వాసన వచ్చి కాసేపటికి తగ్గితే అది కాయిల్ మీది మురికి. గాలి చల్లగానే ఉన్నా బ్లోయరును నాలుగో నంబరులో పెట్టినా పల్చగా వస్తుంటే ముందుగా ఫిల్టరును అనుమానించాలి. గాలి జోరుగా వస్తున్నా చల్లగా లేకపోతే గ్యాస్ తగ్గి ఉండవచ్చు, లేదా కంప్రెసర్ పనిచేయకపోవచ్చు. అది మెకానిక్ చూడాల్సిన పని. బండి కదులుతున్నప్పుడు చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగగానే వేడెక్కుతుంటే కండెన్సర్ మీద మట్టి పేరుకుందో, దాని ఫ్యాన్ తిరగడం లేదో చూడాలి. ముందు సీటు కింద కార్పెట్ తడిస్తే డ్రెయిన్ గొట్టం మూసుకుపోయినట్టు.

కొన్ని లక్షణాలు శుభ్రతకు సంబంధించినవి కావు. తియ్యని వాసనతో పాటు అద్దం లోపలి వైపు జిడ్డు పొగమంచు పడితే హీటరు కాయిల్ నుంచి కూలెంట్ కారుతోందని అర్థం. పెట్రోలు వాసన గానీ, వైరు కాలిన వాసన గానీ వస్తే బండి ఆపి మెకానిక్‌ను పిలవడం తప్ప చేయదగింది లేదు. ఇలాంటి చోట నురుగు మందు కొట్టడం అసలు లోపాన్ని మరుగుపరుస్తుంది.

క్యాబిన్ ఫిల్టర్

సొంతంగా చేసుకునే పనుల్లో ఇది అన్నిటికంటే తేలిక, ఫలితం కూడా వెంటనే కనిపిస్తుంది. చాలా కార్లలో ఫిల్టరు గ్లవ్ బాక్సు వెనక ఉంటుంది. అంటే మన దేశంలో ఎడమవైపు, అమెరికాలో కుడివైపు. కొన్ని మోడళ్లలో బానెట్ వెనక, అద్దం కింది జాలీ దగ్గర పెడతారు. పాత చిన్న కార్లు కొన్నింటిలో ఫిల్టరే లేదు. అలాంటి వాటిలో కాయిల్ త్వరగా మురికవుతుంది.

గ్లవ్ బాక్సును ఖాళీ చేసి, రెండు పక్కల గోడలను లోపలికి నొక్కితే అది కిందికి వాలుతుంది. దాని వెనక క్లిప్పులున్న ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది. మూత తీసి ఫిల్టరును మెల్లగా, అడ్డంగా లాగాలి. తొందరపడితే దాని మీది ఆకులూ మట్టీ బ్లోయరులో పడతాయి. ఫిల్టరు అంచున గాలి నడిచే దిశను చూపే బాణం గుర్తు ఉంటుంది. పాతది తీసేటప్పుడే ఆ బాణాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకుంటే కొత్తది తిరగబడదు.

రకాలు మూడు. మామూలు ఫిల్టరు దుమ్మును, పుప్పొడిని ఆపుతుంది. యాక్టివేటెడ్ కార్బన్ పొర ఉన్నది వాహనాల పొగ వాసనలను కూడా కొంత పట్టుకుంటుంది. పీఎం 2.5 రేణువుల కోసం మరింత చిక్కగా నేసిన మూడో రకం నగరాల్లో అమ్ముడవుతోంది. చిక్కదనం పెరిగేకొద్దీ గాలికి అడ్డు కూడా పెరుగుతుంది కాబట్టి, ఆ మోడల్‌కు తగినదాన్నే ఎంచుకోవాలి.

ఫిల్టరును నీళ్లలో కడిగి ఆరబెట్టే అలవాటు విస్తృతంగా ఉంది. కడగవచ్చని తయారీదారు చెప్పిన రకం తప్ప, మామూలు ఫిల్టరుకు అది హాని. సన్నని రేణువులను పట్టే విద్యుదావేశం పోతుంది, మడతల్లో తడి నిలిచి బూజు పడుతుంది. గట్టిగా గాలి కొట్టినా పీచు చిరుగుతుంది. 10,000 నుంచి 15,000 కిలోమీటర్లకు, లేదా ఏడాదికి ఒకసారి మార్చడం సాధారణ నియమం. మట్టి రోడ్ల మీదో, గ్రానైట్ క్వారీల సమీపంలోనో తిరిగే బండికి అంతకంటే ముందే మార్చాలి.

కూలింగ్ కాయిల్

కాయిల్‌ను కడగడానికి దాన్ని చేరే దారి తెలియాలి. దారులు మూడు.

మొదటిది ఫిల్టరు అర. ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని కార్లలో ఫిల్టరు బ్లోయరుకు, కాయిల్‌కు మధ్య ఉంటుంది. ఫిల్టరు తీసి టార్చి వేస్తే కాయిల్ రేకులు నేరుగా కనిపిస్తాయి. మరికొన్నింటిలో ఫిల్టరు బ్లోయరుకు ముందే ఉంటుంది. అక్కడి నుంచి మందు కొడితే అది మోటారు మీద పడుతుంది. టార్చి వెలుగులో రేకులు కనిపించాకే ఈ దారి వాడాలి.

రెండోది బ్లోయరు వేగాన్ని నియంత్రించే రెసిస్టర్ ఉండే రంధ్రం. స్విచ్చి ఆపి, అది చల్లారాక, రెండు మరలు తీసి రెసిస్టర్‌ను బయటికి లాగితే కాయిల్ వైపు గొట్టం పంపడానికి చోటు దొరుకుతుంది. మూడోది కారు కింది నుంచి డ్రెయిన్ గొట్టం గుండా పైకి వెళ్లడం. దీనికి బండిని సురక్షితంగా ఎత్తాలి. జాకీ ఒక్కదాని మీద ఆపిన బండి కిందికి ఎవరూ వెళ్లకూడదు, గట్టి స్టాండులు ఉండాల్సిందే.

పద్ధతి ఇది. ఏసీ ఆపి, బ్లోయరును కొన్ని నిమిషాలు తిప్పి కాయిల్‌ను ఆరనివ్వాలి. తర్వాత స్విచ్చి పూర్తిగా ఆపేయాలి. డ్రెయిన్ గొట్టం కింద ఒక పళ్లెం పెట్టాలి. కారు ఏసీ కాయిల్ కోసమే తయారైన నురుగు మందు డబ్బాను బాగా కుదిపి, దానితో వచ్చే సన్నని గొట్టాన్ని లోపలికి పంపి, రేకుల మీద పైనుంచి కిందికి సమంగా పట్టించాలి. డబ్బా మీద చెప్పినంత సేపు, సాధారణంగా 10 నుంచి 20 నిమిషాలు వదిలేయాలి. నురుగు కరిగి ద్రవమై, జిగురును పట్టుకుని కిందికి దిగుతుంది. ఏళ్లుగా కడగని కాయిల్ అయితే పళ్లెంలోకి బూడిదరంగు నీరు వస్తుంది. నీరు రాకపోతే గొట్టం మూసుకుపోయిందని అర్థం. అది తెరిపించకుండా రెండో డబ్బా వాడితే మందు కార్పెట్ మీదికి పొర్లుతుంది.

తర్వాత అద్దాలన్నీ దించి, ఏసీ వేయకుండా హీటరును గరిష్ఠంగా పెట్టి, బ్లోయరును మొదట నెమ్మదిగా, తర్వాత జోరుగా పది నిమిషాలు తిప్పాలి. మిగిలిన తడి ఆరుతుంది. కొత్త ఫిల్టరు అన్నిటికంటే చివర పెట్టాలి.

కారులో పెట్టి మీట నొక్కి వదిలేసే పొగ డబ్బాలు మరో రకం. ప్రయాణికుడి కాళ్ల దగ్గర, లోపలి గాలిని పీల్చే ద్వారానికి దగ్గరగా పెట్టి, లోపలి గాలే తిరిగేలా రీసర్క్యులేషన్ వేసి, బ్లోయరును జోరుగా ఉంచి తలుపులు మూసేస్తారు. వెంట్ల గొట్టాల దాకా మందు చేరడం దీని లాభం. పేరుకున్న మట్టి పొరను ఇది కదిలించలేదు. తేలికపాటి వాసనకు, లేదా నురుగుతో కడిగాక రెండో దశగా ఇది తగినది.

డ్రెయిన్ గొట్టం

ముందు సీటు కాళ్ల భాగానికి దిగువన, ఇంజను గోడ నుంచి బయటికి వచ్చే చిన్న రబ్బరు గొట్టం ఇది. మట్టి, జిగురు, కొన్నిసార్లు పురుగుల గూళ్లు దీన్ని మూస్తాయి. మెత్తని ప్లాస్టిక్ తీగను కొద్దిగా లోపలికి పంపి తిప్పితే చాలు. సైకిలు చువ్వ వంటి గట్టి కమ్మీ వాడితే తొట్టికీ కాయిల్‌కూ చిల్లు పడే ప్రమాదం ఉంది. గొట్టం తెరుచుకోగానే నిలిచిన నీరు ధారగా దిగుతుంది. తడిసిన కార్పెట్‌ను ఎత్తి దాని కింది స్పాంజిని కూడా ఎండబెట్టాలి. లేకపోతే కాయిల్ శుభ్రమైనా వాసన పోదు.

కండెన్సర్

ముందు జాలీలోంచి చూస్తే కనిపించే పల్చని రేకుల చట్రం కండెన్సర్. పురుగులు, గడ్డి నూగు, ఎండిన బురద దీని సందుల్ని మూస్తే వేడి బయటికి పోదు. ఏసీ చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ ఎక్కువ శ్రమపడుతుంది, ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది. ఇంజను పూర్తిగా చల్లారాక, తోట గొట్టంతో మామూలు ధారగా నీరు పోసి, మెత్తని కుంచెతో రేకుల నిలువు దిశలో తుడవాలి. కార్ వాష్‌లోని ప్రెషర్ గన్ను దగ్గర నుంచి కొడితే రేకులు వంగి సందులు శాశ్వతంగా మూసుకుంటాయి. స్విచ్చి ఆపినా కొన్ని కార్లలో ఫ్యాన్ దానంతట అది తిరుగుతుంది కాబట్టి వేళ్లు అటు పోనివ్వకూడదు.

ఆకులు, ఎలుకలు

వేపచెట్టు నీడన నిలిపిన కారు అద్దం కింది జాలీలో వేప ఈనెలు, పూత, ఆకులు చేరతాయి. ఇవి కుళ్లి గాలి దారిలోకి వాసన పంపుతాయి. వారానికోసారి చేత్తో ఏరేస్తే సరిపోతుంది.

ఎలుక గూడు కనిపిస్తే ఆ పని వేరు. ఎండిన పెంటికలను ఊడ్చినా, వాక్యూమ్ పెట్టినా క్రిములు గాలిలో కలుస్తాయి. చేతి తొడుగులు, మాస్కు వేసుకుని, డిసిన్ఫెక్టెంట్‌తో బాగా తడిపి, కాగితంతో ఎత్తి సంచిలో కట్టి పారేయాలి. వైర్లు కొరికి ఉంటే బ్లోయరు వేయకూడదు.

వాడకూడనివి, జాగ్రత్తలు

బట్టల బ్లీచింగ్ ద్రవం అల్యూమినియంను తినేస్తుంది. ఆమ్లంతో కలిస్తే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది. టాయిలెట్ క్లీనర్లలోని ఆమ్లం కాయిల్‌కు చిల్లులు పెడుతుంది. ఓజోన్ యంత్రాలు వాసనను తగ్గించినా, ఓజోన్ ఊపిరితిత్తులకు హానికరం, రబ్బరును కూడా పాడుచేస్తుంది. యజమానులు సొంతంగా వాడటానికి అది తగదు.

చాలా స్ప్రే డబ్బాల్లో మందును తోసేది బ్యూటేన్, ప్రొపేన్ వంటి మండే వాయువులే. వాడిన తర్వాత తలుపులు తెరిచి గాలి పూర్తిగా మారేదాకా అగ్గిపుల్ల, సిగరెట్ దగ్గరికి రానివ్వకూడదు. ఇంజను ఆన్ చేయాల్సిన దశలన్నీ ఆరుబయటే జరగాలి. మూసిన గ్యారేజీలో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. అమెరికాలో మాదిరి ఇంటికి ఆనుకుని ఉన్న గ్యారేజీల్లో అది ఇంట్లోకి కూడా చేరుతుంది.

ఏసీ వేయగానే డాష్‌బోర్డు నుంచి ప్రాణాంతక మోతాదులో బెంజీన్ వస్తుందన్న సందేశం ఏళ్లుగా ఫోన్లలో తిరుగుతోంది. అందులోని అంకెలకు ఆధారం లేదు. ఎండలో నిలిపిన కారు అద్దాలు కాసేపు దించడం మాత్రం మంచి అలవాటే. పొయ్యిలాంటి గాలి బయటికి పోతుంది, ఏసీ మీద భారం తగ్గుతుంది.

గ్యాస్ దారి

వేసవిలో గ్యాస్ వలయంలో ఒత్తిడి చదరపు అంగుళానికి 200 పౌండ్లు దాటుతుంది. కారు టైరులో ఉండేది 30 నుంచి 35 పౌండ్లే. ఆర్-134ఏ సున్నాకు దిగువన 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి చర్మానికో కంటికో తగిలితే గడ్డకట్టిస్తుంది. ఆర్-1234వైఎఫ్‌కు కొంత మండే గుణం ఉంది. విప్పిన వలయంలోకి తేమ చేరితే ఆమ్లాలు ఏర్పడి కంప్రెసర్ పాడవుతుంది. ఒక మామూలు కారులో ఉండే సుమారు అర కిలో గ్యాస్‌ను గాలిలోకి వదిలితే పర్యావరణానికి నష్టం. గ్యాస్ ఇంధనం కాదు, వాడేకొద్దీ తరగదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కాబట్టి ఏటా ‘గ్యాస్ టాపప్’ చేయించుకోవడం సర్వీసు కిందికి రాదు. కారుతున్న చోటు కనిపెట్టించాలి.

విద్యుత్, హైబ్రిడ్ కార్లలో కంప్రెసర్ వందల వోల్టుల కరెంటుతో నడుస్తుంది. నారింజ రంగు తీగలు ఆ కరెంటును మోసుకెళ్తాయి, వాటిని తాకకూడదు. చాలా విద్యుత్ కార్లలో బ్యాటరీని చల్లబరిచే పని కూడా ఏసీ గ్యాస్‌దే. ఇలాంటి బండ్లలో యజమాని ఫిల్టరు, జాలీ వరకే పరిమితం కావడం క్షేమం.

తిరిగి పేరుకోకుండా

గమ్యం చేరడానికి మూడు నాలుగు నిమిషాల ముందు ఏసీ మీట ఆపి బ్లోయరును నడవనిస్తే కాయిల్ చాలావరకు ఆరుతుంది. కొన్ని కొత్త కార్లు బండి ఆపాక తామే కాసేపు బ్లోయరు తిప్పి ఈ పని చేస్తాయి. రీసర్క్యులేషన్ పొగలో, దుమ్ములో ఉపయోగపడుతుంది కానీ, దాన్నే గంటల తరబడి ఉంచితే లోపల కార్బన్ డయాక్సైడ్ పెరిగి మగత వస్తుంది. మధ్యలో బయటి గాలిని రానివ్వాలి.

రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటినప్పుడు ఏసీకి అన్నిటికంటే కఠిన పరీక్ష. అక్కడ ఫిబ్రవరి, మార్చిలోనే కండెన్సర్ కడిగి ఫిల్టరు మార్చుకోవాలి. కోస్తాలో అసలు శత్రువు తడి. వానలు తగ్గాక కాయిల్‌కు నురుగు పట్టించడం మేలు.

రెండు విడతలు కడిగినా వాసన పోకపోతే, లేదా టార్చి వెలుగులో రేకుల మీద కంబళిలా మట్టి కనిపిస్తే కాయిల్‌ను బయటికి తీసి కడగాల్సిందే. అప్పుడు రబ్బరు రింగులు మార్చాలి, వలయంలోని గాలిని, తేమను వాక్యూమ్ పంపుతో లాగేయాలి, గ్యాస్‌ను తూచి నింపాలి. పాత గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా పట్టి నిల్వచేసే యంత్రం ఉన్న షెడ్డులోనే ఈ పని చేయించుకోవాలి.